ఏడీహెచ్‌డీ పిల్లల బొంగురు గొంతును అల్లరి ఖాతాలో వేయకండి

ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య, ఉన్న పిల్లవాడి గొంతు నెలల తరబడి బొంగురుగా ఉంటే, "రోజంతా అరిస్తే గొంతు పోక ఏమవుతుంది" అని పెద్దలు తేల్చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మిరియాల పాలు తాగించి, నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకుంటారు.

పిల్లలు మాట్లాడేటప్పుడు గొంతులో శబ్దాన్ని పుట్టించే స్వరతంతువులు సెకనుకు సుమారు 250 నుంచి 300 సార్లు కంపిస్తూ ఒకదానికొకటి తగులుతాయి. కేకలు వేస్తూ పరుగెత్తినప్పుడు, ఊపిరి తీసుకోకుండా గడగడా మాట్లాడినప్పుడు ఆ తాకిడి బలం పెరిగి, పని చేసిన చేతులు కాయలు కాసినట్లే, తంతువుల మీద రెండు వైపులా చిన్న బొడిపెలు ఏర్పడతాయి. డాక్టర్లు వీటిని నాడ్యూల్స్ అంటారు. అతిగా మాట్లాడటం, నిశ్శబ్దంగా ఆడుకోలేకపోవడం ఏడీహెచ్‌డీని నిర్ధారించే ప్రమాణాల్లోనే ఉన్నాయి. 2009లో బీరూట్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో కూడా ఈ పిల్లల గొంతుల్లో బొంగురుతనం, ఒత్తిడి తోటి పిల్లల కంటే ఎక్కువగా కనిపించాయి. అయినా ఏకాగ్రత కోసం ఒక డాక్టరు దగ్గరకు, గొంతు కోసం మరొకరి దగ్గరకు తిరిగే తల్లిదండ్రులకు ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పేవారు అరుదు.

"మెల్లగా మాట్లాడు" అని వందసార్లు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఆ నియమం పిల్లవాడికి తెలుసు. ఉత్సాహం పొంగిన క్షణంలో దాన్ని గుర్తు తెచ్చుకుని తనను తాను ఆపుకోవడమే వాడికి కష్టం. గొంతు బాగుపడటానికి కదలకుండా కూర్చుని చేయాల్సిన సుదీర్ఘమైన స్వర సాధనను ఇంటికిచ్చి, చేయలేదని వాణ్ణే తప్పుపట్టడం అన్యాయమని నా అభిప్రాయం. సాధన రెండు మూడు నిమిషాల ఆటలా ఉండాలి, గొంతు పెరిగిన ఆ క్షణంలోనే టీచరు చేతి సైగతో గుర్తుచేయాలి. పక్క గది నుంచి కేకేసి పిలిచే మనం కూడా దగ్గరకు వెళ్లి, భుజం మీద చేయి వేసి పిలవాలి. గుసగుసలాడమని మాత్రం చెప్పకండి, దానివల్ల కూడా గొంతు మీద ఒత్తిడి పడవచ్చు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడే పిల్లల్లో కొందరికి నోరు ఎండిపోతుంది కనుక స్కూల్లో నీళ్ల సీసా చేతికందేలా ఉంచాలి, అంతేగాని సొంతంగా మందు ఆపకూడదు.

బొంగురు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరపేటికను పరీక్ష చేయించాలి, ఎందుకంటే పాపిలోమా (వైరస్ వల్ల స్వరపేటికలో పెరిగే పులిపిర్లు) వంటి వేరే జబ్బుల్లోనూ గొంతు ఇలాగే మారుతుంది. నాడ్యూల్స్ అయితే పిల్లలకు సాధారణంగా మొదట ఇచ్చేది గొంతును సరిగా వాడటం నేర్పే స్వర చికిత్సే, ఆపరేషన్ కాదు. యుక్తవయసులో చాలామందికి అవి తగ్గిపోతాయన్నది నిజమే గాని, అప్పటిదాకా తరగతిలో పాఠం చదవడానికి వెనకాడే పిల్లవాణ్ణి ఏళ్ల తరబడి ఆగమనడం సరికాదు. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రంలో, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు; వెళ్లినప్పుడు ఏడీహెచ్‌డీ సంగతి ముందే చెప్పండి.