రాజీనామాయే పరమ ప్రజాసేవ

ఓటరుకు మేలు చేసేది ఓటు కాదు, రాజీనామా. ఈ సత్యాన్ని ప్రపంచానికి చాటిన ఘనత మునుగోడు నియోజకవర్గానిది. ఇంత గొప్ప సంగతి రాజనీతి శాస్త్రం పాఠ్యపుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదంటే, అది నల్లగొండ జిల్లా మీద మొదటి నుంచీ ఉన్న చిన్నచూపే.

ముందు అజ్ఞాన యుగం సంగతి చూద్దాం. మునుగోడు ఓటర్లు 1967 నుంచి ఎమ్మెల్యేను ఎన్నుకుంటున్నారు. కాంగ్రెస్ తరఫున పాల్వాయి గోవర్ధన్ రెడ్డి ఐదుసార్లు గెలిచారు. లెక్క సరిచేసినట్టు సీపీఐ కూడా ఐదుసార్లు గెలిచింది: 1985 నుంచి వరుసగా మూడుసార్లు ఉజ్జిని నారాయణరావు, 2004లో పల్లా వెంకట్ రెడ్డి, 2009లో ఉజ్జిని యాదగిరిరావు. అయితే చెయ్యి, లేదంటే కంకి కొడవలి. గుద్దేసి వచ్చి మళ్లీ ఎన్నికలొచ్చేదాకా ఎదురుచూడటమే ఓటరు పని. ఆ పదిసార్లలో ఒక్కసారి కూడా మధ్యలో ఉప ఎన్నిక రాలేదు. ఎమ్మెల్యేలకు ప్రజల మీద అంత నిర్దయ!

నీళ్లలో ఫ్లోరైడ్ మాత్రం పార్టీలతో పనిలేకుండా అందరి ఎముకల్లోకీ సమానంగా చేరింది. మర్రిగూడ వైపు ఊళ్లలో నడుములు వంగిపోయాయి, కాళ్లు వంకర్లు పోయాయి. పొలానికీ గొంతుకూ నీళ్లు కావాలని జిల్లా జనం 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక ప్రయోగం చేశారు. జల సాధన సమితి పిలుపుతో పోటీకి దిగినవాళ్లతో కలిపి నల్లగొండ స్థానంలో అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా అయ్యో అంది. ఢిల్లీ పెద్దలు అసలు రోగం ఫ్లోరైడ్ కాదు, నామినేషన్లని తేల్చారు. మందు వెంటనే వేశారు. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది.

480 మంది నిలబడితే రానిది ఒక్కరు దిగిపోతే వస్తుందని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

2014లో టీఆర్ఎస్ నుంచి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి, 2018లో కాంగ్రెస్ నుంచి కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి గెలిచారు. 2022 ఆగస్టులో రాజగోపాల్ రెడ్డి నియోజకవర్గ అభివృద్ధి కోసమే అంటూ రాజీనామా చేసి బీజేపీలో చేరారు. అభివృద్ధి అన్న మాట అక్షరాలా నిజమైంది. మంత్రులు ఊరికొకరు దిగారు. సాక్షాత్తూ ముఖ్యమంత్రి కేసీఆర్ లెంకలపల్లి అనే ఒక్క ఊరికి ఇన్‌చార్జి అయ్యారు. రాష్ట్రమంతా ఏలుతున్నాయనకు ఒక ఊరు దక్కడం పదోన్నతో కాదో ప్రొటోకాల్ వాళ్లే చెప్పాలి. ఏనాడో అడిగిన గట్టుప్పల్ మండలం కూడా ఆ ఏడాదే వచ్చింది. కులానికో ఆత్మీయ సమ్మేళనం, పూటకో దావత్. చౌటుప్పల్ దగ్గర పెడతామన్న ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం ఏదని అడుగుతూ మల్కాపురంలో ఎవరో ఆ మాటిచ్చిన అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు జేపీ నడ్డా ఫొటో పెట్టి గోరీ కూడా కట్టారు. పరిశోధన కేంద్రానికి ఆరేళ్లు చాలలేదు, గోరీకి ఒక్క పూట చాలింది.

ఉప ఎన్నిక బరిలో 47 మంది. నోటాతో 48. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 గుర్తుల చొప్పున సరిగ్గా మూడు యూనిట్లు. మునుగోడులో లెక్క తప్పకుండా సరిపోయింది ఇదొక్కటే. రోడ్డు రోలర్ గుర్తు టీఆర్ఎస్ కారు గుర్తులా కనిపిస్తుందన్న గొడవలో రిటర్నింగ్ అధికారి దాన్ని మార్చేస్తే, ఎన్నికల సంఘం తిరిగి ఇప్పించి ఆయన్నే మార్చేసింది. ఆ రోలర్ ఏ రోడ్డు మీదా తిరగకుండానే ఇంత పని చేసింది. ఉంగరం గుర్తు మీద నిలబడ్డ కేఏ పాల్‌కు 805 ఓట్లు.

నవంబరు 3న పోలింగ్ 93 శాతం. హైదరాబాద్‌లో ఉంటున్న ఓటర్లనూ బతిమాలి బండెక్కించారు. కూసుకుంట్ల 10,309 ఓట్ల తేడాతో గెలిచారు. గోవర్ధన్ రెడ్డి ఐదుసార్లు గెలిచిన సీట్లో ఆయన బిడ్డ స్రవంతికి డిపాజిట్ దక్కలేదు. ఐదుసార్లు గెలిచిన సీపీఐ ఈసారి కారు వెనక సీట్లో కూర్చుంది.

ఏడాది తిరిగింది. బీజేపీ నుంచి ఓడిన రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్‌కు తిరిగొచ్చి 40,590 ఓట్ల మెజారిటీతో గెలిచారు. కాంగ్రెస్ టికెట్ రాని చలమల్ల కృష్ణారెడ్డి బీజేపీ నుంచి నిలబడ్డారు. సీపీఐ కారు దిగి చెయ్యి పట్టుకుంది. పాపం కూసుకుంట్లే, నిలబడ్డ చోటే నిలబడి ఓడిపోయారు. పార్టీ మాత్రం టీఆర్ఎస్ పోయి బీఆర్ఎస్ అయింది, అది ఆయన తప్పు కాదు.

అందుకే ప్రభుత్వానికి నాదొక సూచన. తెలంగాణలో ఎమ్మెల్యేలు 119 మంది. అందరూ ఒకేసారి రాజీనామా చేస్తే లాభం లేదు, ముఖ్యమంత్రి ఒక్కడు ఎన్ని ఊళ్లకని ఇన్‌చార్జిగా ఉంటాడు? వంతులు పెట్టుకోవాలి. ఐదేళ్లకు 60 నెలలు, నెలకు ఇద్దరు దిగిపోతే 120. మిగిలే ఆ ఒక్క వంతు మునుగోడుకే ఇవ్వాలి, పేటెంట్ హక్కు కింద.

మొన్న మర్రిగూడ దిక్కు మా పెద్దమ్మ ఇంటికి పోయాను. ఇంట్లో నల్లా ఉంది, నీళ్లూ వస్తున్నాయి, ఒప్పుకోవాలి. ఆమె మోకాళ్లు మాత్రం ఎప్పుడో బిగుసుకుపోయాయి, కింద కూర్చోలేదు. వాకిట్లో మూడు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలుంటే ఒకదాంట్లో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"కుర్చీలు ఎప్పుడు కొన్నవ్ పెద్దమ్మా?"

"కొనుడేంది బిడ్డా. ఎలచ్చన్లప్పుడు మంత్రి కూసుంటడని ఏసిండ్రు. మళ్ల తీస్కపోలే. నాలుగుండె, ఒకదాని కాలు ఇరిగింది."

కాసేపాగి, గిన్నె పక్కన పెట్టి అడిగింది: "ఈయన మళ్లెప్పుడు రాజీనామా జేస్తడంట?"