మాఫీ పేరు ఒకరికి, నష్టం ఊరికి

మార్చి నెల వచ్చిందంటే ఇంటి పన్ను బకాయి పడ్డవాళ్లంతా ఒక్క కబురు కోసమే చూస్తారు. ఈసారి వడ్డీ మాఫీ ఉందా, లేదా? 2025 మార్చిలో ఉంది. పాత బకాయి మొత్తం ఒకేసారి కడితే వడ్డీలో సగం వదిలేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సగమెందుకు, మొత్తం తీసేయాలని, అసలు పన్నే తగ్గించాలని విజయనగరంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపిస్తుంది.

సూటిగా చెబుతాను. ఇల్లున్న వాళ్లందరికీ గంపగుత్తగా ఇచ్చే ఈ మాఫీలు తప్పు. ఉత్తర్వు వచ్చేది అమరావతి నుంచి. తగ్గేది మాత్రం మన ఊళ్లో కాలువల పూడికతీతకు, కుళాయి నీళ్లకు, వీధి దీపాలకు పెట్టాల్సిన డబ్బు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

పన్ను భారం లేదని అనను. నేనూ కట్టేవాడినే. 2020లో చట్టం మార్చారు. అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం ఖరీదు మీద పన్ను వేయడం 2021 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. వినడానికి చిన్న అంకే. కానీ ఏటా 15 శాతం చొప్పున పెరిగితే 2,000 రూపాయల పన్ను ఐదేళ్లకు 4,000 దాటుతుంది. ఏ పెన్షనర్‌కు ఐదేళ్లలో పెన్షన్ రెట్టింపైంది? ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే నివాస గృహాల పన్నును 2002 తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ముట్టుకోలేదన్నదీ నిజమే. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నదీ నిజమే. కాబట్టి పేదవాడి పేరు చెప్పి అందరికీ మాఫీ అడగడం కుదరదు.

ఇక వడ్డీ లెక్క చూద్దాం. గడువు దాటిన పన్నుకు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ పడుతుంది. అందులో సగం మాఫీ చేస్తే మిగిలేది రూపాయి వడ్డీ. తాకట్టు లేకుండా, ష్యూరిటీ సంతకం లేకుండా రూపాయి వడ్డీకి బయట ఎవరిస్తారు? మున్సిపాలిటీ ఇస్తోంది. పన్ను కట్టకుండా కూర్చోవడమంటే ఊరి దగ్గర చవకగా అప్పు తీసుకోవడమే. మాఫీ ఒకసారి వచ్చాక, మళ్లీ వస్తుందని ఆగేవాళ్లు ప్రతి వీధిలోనూ తయారవుతారు.

ఎవరికి ఎంత మిగిలిందో చూడండి. 2 లక్షల బకాయిని రెండేళ్లు ఆపిన కాంప్లెక్స్ యజమానికి వడ్డీ 96,000 అవుతుంది. సగం మాఫీ అంటే 48,000 మిగిలినట్టే. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం ముందే కట్టిన రిటైర్డ్ టీచర్‌కు 5 శాతం రాయితీ ఉంది. 4,000 పన్ను మీద అది 200 రూపాయలు. అంటే వేళకు కట్టిన 240 మంది టీచర్లకు ఇచ్చినంత, ఎగ్గొట్టిన ఒక్కరికి ఇచ్చారు. ఇక అద్దెకుండే కుటుంబానికి ఏమొచ్చింది? పన్ను పెరిగితే అద్దె పెంచే యజమానులున్నారు గానీ, మాఫీ వచ్చిందని అద్దె తగ్గించినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మున్సిపాలిటీలకు సొంత ఆదాయం అంటూ మిగిలిందే కొంచెం. వినోదపు పన్ను, ప్రకటనల పన్ను 2017లో జీఎస్టీలో కలిసిపోయాయి. చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించారు. ఆ పన్ను పోయినందుకు నేనూ సంతోషించాను, కానీ చెత్త ఎత్తే మనిషి జీతం, బండి డీజిల్ ఎక్కడి నుంచో రావాలి కదా! మిగిలిన పెద్ద దిక్కు ఇంటి పన్నే. పైగా కేంద్రం నిధులు ఎవరికెంత పంచాలో చెప్పే పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఒక షరతు పెట్టింది. రాష్ట్ర వృద్ధి రేటుకు తగ్గట్టు ఆస్తి పన్ను వసూలు పెరిగితేనే మున్సిపాలిటీకి గ్రాంటు. మనలాంటి ఊళ్లకు ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే. నెల్లిమర్ల దగ్గర చంపావతి నుంచి నీళ్లు తోడి ఊరికి పంపే ఖర్చు మాఫీ కాదు.

నన్ను బాగా బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఇంటి పన్ను, నీటి ఛార్జీల విధానం మార్చినందుకు 2,525 కోట్ల అదనపు అప్పు తెచ్చుకోవడానికి రాష్ట్రానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. పెంచినప్పుడు లాభం రాష్ట్రానిది. తగ్గించినప్పుడు నష్టం ఊరిది. తెలంగాణలోనూ చూశాం. 2020 దీపావళి నాడు ఇంటి పన్నులో సగం రాయితీ ప్రకటించారు, డిసెంబరు 1న హైదరాబాద్‌లో పోలింగ్. ఏ పార్టీ అయినా ఒకటే. మాఫీ చేయాలనుకుంటే చేయండి, కానీ ఎంత వదిలేశారో అంత సొమ్మూ అదే ఉత్తర్వులో మున్సిపాలిటీకి జమ చేయండి.

74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మున్సిపాలిటీ కూడా ఒక ప్రభుత్వమే అని అది చెప్పింది. ఊరి పన్ను ఎంత, ఎవరికి తగ్గించాలి, ఆ డబ్బుతో ముందు ఏ కాలువ కట్టాలి అన్నది ఊరి కౌన్సిల్‌లో తేలాలి. పెన్షనర్ కష్టం వార్డు మెంబరుకు తెలిసినట్టు సచివాలయంలో ఎవరికి తెలుస్తుంది? తగ్గించాల్సిన ఇల్లేదో, వదలకూడని కాంప్లెక్స్ ఏదో వీధి పేరుతో సహా చెప్పగలిగేది ఆ మెంబరే.

శ్రీకాకుళంలో ఆ మెంబరే లేడు. పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. శివారు పంచాయతీల విలీనం, కోర్టు కేసులు అంటూ ఎన్నికలు ఆగిపోయాయి. 2015లో ఊరిని కార్పొరేషన్ చేశారు, ఎన్నిక పెట్టలేదు. 2021 మార్చిలో విజయనగరం ఓటేసింది, శ్రీకాకుళం వేయలేదు. కొత్త పన్ను విధానం వచ్చిన రోజున అక్కడ అడగడానికి ఒక్క కార్పొరేటర్ లేడు, ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారి పాలనే. 2010 తర్వాత ఓటు హక్కు వచ్చిన కుర్రాడు ఇప్పుడు ముప్పై దాటి ఇల్లు కట్టుకున్నాడు. పన్ను నోటీసు అతని పేరు మీదే వస్తోంది. తన వార్డు మెంబరు కోసం అతను ఇంతవరకు ఒక్కసారి కూడా ఓటేయలేదు.