మా తోటలో మధ్యాహ్నం లేదు

పాతకాలపు పూల మొక్కలు కావాలని నర్సరీకి వెళ్లి అడిగేవారిని అక్కడివారు జాలిగా చూస్తారు, లేదా అసలు చూడరు. చంద్రకాంత అంటే వారికి తెలియక కాదు, బాగా తెలుసు కాబట్టే అమ్మరు. గింజ రాలిన చోటల్లా మొలిచే మొక్కను, పైభాగమంతా ఎండిపోయినా నేలలోని దుంప నుంచి మళ్లీ లేచి వచ్చే మొక్కను, ఒకసారి కొన్నవాడు మరోసారి కొనడానికి ఎందుకు వస్తాడన్నది వారి లెక్క. కనుక ఇటువంటి మొక్కల మీద మనసు పడినవారు దుకాణాలను వదిలేసి, పాత ఇళ్ల ప్రహరీ గోడల మీదుగా తొంగిచూసే వృత్తిలోకి దిగవలసి వస్తుంది. గోడ అవతలి రాధామనోహరాల తీగను పరిశీలిస్తున్న పెద్దమనిషికీ, ఆ ఇంట్లో మనుషులున్నారో లేరో కనిపెడుతున్న దొంగకూ దూరం నుంచి చూసేవారికి తేడా తెలియకపోవడమే ఈ వృత్తిలోని చిక్కు. లోపలి నుంచి "ఎవరు కావాలండీ?" అని గద్దింపు వినిపించినప్పుడు, "ఎవరూ వద్దండి, మీ తీగ కొమ్మ ఒకటి చాలు" అని చెప్పడానికి కొంత నిబ్బరం కావాలి. అయితే ఆ మాట విన్నాక తలుపు వేసుకున్న ఇల్లు నాకు ఇంతవరకు తగలలేదు. కొమ్మ ఒకటి అడిగితే వేరుతో సహా పిలక, వద్దంటున్నా గుప్పెడు గింజలు, వాటి పెంపకం మీద గంటసేపు ఉపన్యాసం లభించాయి.

ఇలా చేరిన గింజల పొట్లాల మీద పువ్వు పేరు ఎక్కడా ఉండదు, ఇచ్చినవారి పేరే ఉంటుంది. మా ఇంట్లో పాత మాత్రల డబ్బా ఒకదానిలో నా భార్య దస్తూరీతో "పైవాటా పిన్నిగారు, నీలం తీగ" అనీ, "మాస్టారి అక్కయ్యగారు, ఎర్ర చుక్కలు" అనీ, "గేటు దగ్గర ముసలాయన, ఏదో" అనీ రాసిన పొట్లాలు భద్రంగా ఉన్నాయి. నీలం తీగ అంటే శంఖపుష్పం కాక మరేమిటని నేను ఎంతో శ్రద్ధగా పందిరి కట్టాను. దాని మీదికి పాకింది మార్నింగ్ గ్లోరీ. అదీ నీలమే, అదీ తీగే కనుక పిన్నిగారు చెప్పినదానిలో అక్షరం కూడా అబద్ధం లేదు. ఎర్ర చుక్కలంటే కాశీరత్నమని తేలింది కాని, ఆ గింజ పైపెంకు గట్టిది కనుక దాన్ని కొంచెం గీకి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటాలన్న సంగతి అక్కయ్యగారు గింజలిచ్చిన తరువాతి సంవత్సరం గుర్తుచేసుకున్నారు. నేను గీకకుండా నాటినవి నేలలో ఇంకా ఆలోచించుకుంటూనే ఉన్నాయి. రాధామనోహరం కథ వేరు. ఆ మొక్కకు చిన్నతనంలో తాను తీగనన్న స్పృహ ఉండదు. కొన్ని నెలల పాటు పొదలా నిటారుగా నిలబడి, ఆ తరువాత ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు పాకడం మొదలుపెడుతుంది. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగులోకి, ఆపైన ఎరుపులోకి మారే వైభవమంతా ఆ దశ దాటిన తరువాతి మాట. మాది ఇంకా పొదగానే ఉంది. ముసలాయన ఇచ్చిన "ఏదో" మాత్రం చంద్రకాంత అయి, నాటిన చోటా నాటని చోటా కూడా సమృద్ధిగా లేచింది.

మొత్తానికి తోట నిండిందనిపించాక మా మేనమామగారిని కుటుంబ సమేతంగా రమ్మని పిలిచాను. చిన్నప్పుడు వారింటి దొడ్డిలో చూసిన పూలన్నీ మళ్లీ చూపిస్తానని ఫోనులో కొంచెం గొప్పగానే చెప్పాను. ఉదయం ఏడింటికల్లా వస్తామన్నవారు, మనవడు పాలు తాగనని మొరాయించడంతోనూ, అత్తయ్యగారి కళ్లజోడు ఆమె తల మీదే ఉన్న సంగతి ఎంతకీ బయటపడకపోవడంతోనూ, మధ్యాహ్నం పన్నెండున్నరకు గుమ్మంలో దిగారు.

1751లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, ఏ పువ్వు ఏ వేళకు విచ్చుతుందో, ఏ వేళకు ముడుచుకుంటుందో గమనించి, ఆ ప్రకారం మొక్కలను వరుసలో నాటుకుంటే తోటనే గడియారంగా వాడుకోవచ్చని రాశాడు. ఆ వేళలు ప్రాంతాన్నీ వాతావరణాన్నీ బట్టి మారతాయి కనుక అది కాగితం మీద కుదిరినంత చక్కగా నేల మీద కుదరదు గాని, ఆయన మా తోటను చూసి ఉంటే ఒక విషయం వెంటనే గ్రహించేవాడు. ఈ గడియారంలో ఉదయం ఉంది, సాయంత్రం ఉంది, రాత్రి దండిగా ఉంది, మధ్యాహ్నం మాత్రం లేదు.

మామయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని పందిరి దగ్గర నిలబడ్డారు. తెల్లవారుజామున అరచేయంత వెడల్పుగా విచ్చిన మార్నింగ్ గ్లోరీ పువ్వులు అప్పటికి అంచులు లోపలికి మడుచుకుని, పిండి ఆరవేయడం మరిచిన గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి రాలినవన్నీ, చుట్టాలు వస్తున్నారు కదా అని నా భార్య పొద్దున్నే శుభ్రంగా ఊడ్చేసింది. సన్నజాజికి మొగ్గలున్నాయి. చంద్రకాంత మొగ్గలు గట్టిగా మూసుకుని ఉన్నాయి, నాలుగు కొట్టేదాకా వాటితో ఎవరూ మాట్లాడలేరు. ఇక మిగిలిన ఆశ గడ్డిగులాబీ. అది నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రంగురంగులుగా నవ్వే పువ్వు కనుక, మధ్యాహ్నం లేని లోటును అదొక్కటే తీర్చవలసి ఉంది. సరిగ్గా ఆ రోజే ఆకాశం నిండా మబ్బు కమ్మింది. ఎండ లేనిదే ఆ పువ్వు విచ్చదు. కుండీ నిండా ఉన్న మొగ్గలన్నీ మూతులు బిగించి కూర్చున్నాయి.

"ఆకులు చాలా పచ్చగా ఉన్నాయిరా" అన్నారు మామయ్యగారు, కొంతసేపు వెతికిన తరువాత.

చూపించడానికి పువ్వు లేనప్పుడు మాటలతో పూయించడం తప్ప తోటమాలికి గత్యంతరం ఉండదు. నేను ముందుగా లినేయస్‌ను ఏకరువు పెట్టాను. దానితో తృప్తి కలిగినట్టు తోచకపోవడంతో చంద్రకాంత దగ్గరకు తీసుకువెళ్లి, ఆకుల మీద తెలుపూ ఆకుపచ్చా కలిసిన రకం చంద్రకాంతల మీద కారెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త పరిశోధన చేసి, పుప్పొడి ఏ కొమ్మ నుంచి తెచ్చినా సరే, పిల్ల మొక్క ఆకుల రంగు మాత్రం గింజను కన్న తల్లి కొమ్మను బట్టే ఉంటుందని 1909లో తేల్చిన వైనం వివరించాను. అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని, "అంటే తండ్రి ఉన్నా లేనట్టేనన్నమాట" అన్నారు. మామయ్యగారు రాధామనోహరం వైపు తిరిగి, "ఈ పొద ఏమిటి?" అన్నారు. అది తీగ అని చెప్పాను. ఆయన మొక్కను కింది నుంచి పైదాకా చూసి, తరువాత నన్ను కూడా అలాగే చూశారు.

ఆ మధ్యాహ్నం తోటలో సంతోషించినవాడు మనవడొక్కడే. పూత అయిపోయి కాయలు పట్టిన బాల్సమ్ మొక్కల వరుస వాడి కంటబడింది. పండిన బాల్సమ్ కాయను వేలితో ఇలా తాకగానే దాని గోడలు చటుక్కున లోపలికి చుట్టుకుని, గింజలు నలువైపులా ఎగిరిపడతాయి. వాడు మొదటి కాయకు ఉలిక్కిపడి, రెండోదానికి నవ్వి, ఆ తరువాత వరుసలో ఒక్క కాయను కూడా మిగల్చలేదు. తాతగారి చొక్కా జేబులోనూ, అమ్మమ్మగారి కొప్పులోనూ గింజలు పడ్డాయి. వచ్చే వానలకు మా ఇంటి నడవ రాళ్ల సందుల్లో ఏమేమి మొలుస్తుందో ఇప్పుడే ఊహించవచ్చు. కాఫీలు తాగి, ఇంకొంచెంసేపు కూర్చోండని నేను ఎంత బతిమాలినా వినకుండా, వాన వచ్చేలా ఉందని వారు మూడు గంటలకే బయలుదేరారు.

నాలుగు దాటాక చంద్రకాంతలు విచ్చాయి. ఒకే మొక్క మీద పసుపు, ముదురు గులాబీ, రెండు రంగులూ చారలుగా కలిసినవి, అన్నీ ఒక్కసారిగా. చీకటి పడుతుండగా సన్నజాజులు విచ్చాయి. నేను గోడ పక్కన పెంచుతున్న మూన్ ఫ్లవర్ తీగ మీద పొడవాటి మొగ్గ ఒకటి మెలి విడిపోతూ సన్నగా వణికి, నేను చూస్తుండగానే పళ్లెమంత తెల్లటి పువ్వయింది. అప్పుడే గేటు చప్పుడైంది. మామయ్యగారు మరిచిపోయిన గొడుగు కోసం వచ్చిన ఆటో అబ్బాయి అది. నేను వాడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పనిచేసి తోట చూపించాను. వాడు "బాగున్నాయి సార్, వెయిటింగ్ అవుతుంది సార్" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పెద్దమ్మ ఫోను చేసింది.

"ఏరా, పూలు చూపిస్తానని పిలిచి ఆకుకూరల మడి చూపించావట. పోనీలే, అదీ మంచిదే. నాకు రెండు కట్టలు పంపు."

అవి ఆకుకూరలు కావనీ, పూలేననీ, సాయంత్రం ఆరు గంటలకు వస్తే తానే స్వయంగా చూడవచ్చనీ నేను ఎంతో ఓపికగా విన్నవించాను.

"ఆరింటికా?" అంది పెద్దమ్మ. "ఆకుకూర పొద్దున్నే కోయాలిరా, సాయంత్రానికి వడిలిపోతుంది. ఆ మాత్రం తెలియకుండానే పెంచుతున్నావా?"