మూడు రోజుల వేగం

ఈ సంగతి ఇప్పుడే రాసేయాలి. వారం ఆగితే నాకు అనుకూలంగా మార్చి రాసేస్తానేమోనని నా మీద నాకే అనుమానం.

మా ఇంట్లో కంప్యూటర్‌కి తొమ్మిదేళ్లు. స్విచ్ నొక్కి, స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చినా తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. ఆ తర్వాత డెస్క్‌టాప్ వస్తుందనుకోండి, కానీ అది ఉత్త బొమ్మ. దేని మీద నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. సరిగ్గా నొక్కలేదేమోనని మళ్లీ, మళ్లీ నొక్కితే, ఓ నిమిషం తర్వాత మూడు విండోలూ ఒకదాని మీదొకటి పడుతూ వస్తాయి. ఈ గోడు విని ఆఫీసులో నా పక్క సీటాయన, "ఇంకా హార్డ్ డిస్కేనా గురూ? ఎస్ఎస్‌డీ వేసెయ్. అరగంట పని" అన్నాడు.

ఈ "అరగంట పని" మనుషుల గురించి విడిగా ఒక వ్యాసం రాయాలి. వాళ్లు చేసినప్పుడు అది నిజంగా అరగంటే. మనం చేసినప్పుడు వాళ్ల ఫోను కలవదు.

సరే, ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కు బదులు వేసుకునే చిప్పుల డిస్కు, వచ్చింది, కేబినెట్ విప్పాను, ఒక డేటా కేబులూ ఒక పవర్ కేబులూ తగిలించాను. బిగించడానికే చోటు కుదర్లేదు. లోపలి అర మూడున్నర అంగుళాల డిస్కులకి చేసింది, నా చేతిలో ఉన్నదేమో రెండున్నర అంగుళాలది. మధ్యలో పెట్టే చట్రం ఒకటుంటుందట. అది విడిగా కొనాలట. కదిలే భాగాలు లేని వస్తువు కదా, నిలబెట్టినా పడుకోబెట్టినా తలకిందులుగా పెట్టినా దానికి ఒకటేనని, రెండు వైపులా అంటుకునే టేపు వేసి కేబినెట్ గోడకి అతికించేశాను. పనిలో పనిగా తొమ్మిదేళ్ల దుమ్మంతా బ్రష్షుతో దులిపాను. పక్క సీటాయన చెప్పిన ఇంకో సలహా ప్రకారం, కంప్యూటర్ ఆన్ అవగానే మేం కూడా ఉన్నామంటూ లేచి కూర్చునే ఇరవై పైచిలుకు ప్రోగ్రాముల్ని ఆపేశాను. ఈ రెండు పనులూ మీరు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

తర్వాత క్లోనింగ్. పాత డిస్కులో ఉన్నదాన్ని బూట్ అయ్యే భాగంతో, అంటే కంప్యూటర్‌ని నిద్ర లేపే భాగంతో సహా ఉన్నదున్నట్టుగా కొత్తదాంట్లోకి దించడం. దీంట్లో ప్రాణం మీదికి తెచ్చేది ఒక్కటే: ఏది మూలం, ఏది గమ్యం. తిరగబడిందా, ఖాళీ డిస్కుని తెచ్చి నిండు డిస్కు మీద గుమ్మరించినట్టే. రెండూ 500 జీబీవే. రెంటికీ కంప్యూటర్ 465 అనే చూపిస్తుంది. తయారు చేసినవాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుంది, వాళ్లిద్దరి తగవులో పోయే 35 మనవి. ఆ ఒక్క తెర ముందు పావుగంట కూర్చుని, మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, మా ఆవిణ్ణి పిలిచి చదివించి, అప్పుడు సరే నొక్కాను. మనిషికి ఒక పూటకి ఇంత అని జాగ్రత్త ఉంటుందనుకుంటా. నాది అక్కడితో అయిపోయింది.

రెండు గంటల తర్వాత "విజయవంతంగా పూర్తయింది" అని వచ్చింది. రీస్టార్ట్ చేశాను. పాత డిస్కుని తియ్యలేదు. ఎందుకైనా మంచిదని ఉంచాను.

అబ్బ! ఏం వేగమండీ!

మూడు రోజులు. మూడు రోజుల పాటు నేను కనబడినవాళ్లందరికీ ఆ వేగం గురించి చెప్పాను. "ఇలా నొక్కానో లేదో అలా వచ్చేసింది" అని చిటికె వేసి మరీ చూపించాను. నా మాట మీద ఆఫీసులో ఇద్దరు ఎస్ఎస్‌డీలు ఆర్డర్ పెట్టారు. కంప్యూటర్‌లో చూస్తే సి డ్రైవ్ ఒక్కటే కనబడుతోంది, రెండోది లేదు. పాత డిస్కు తన కాలం అయిపోయిందని గ్రహించి మర్యాదగా తప్పుకుందనుకున్నాను. పెద్దరికం అంటే అదీ అని కూడా అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం మా చెల్లెలూ బావగారూ మేనల్లుడూ వచ్చారు. కూర్చున్నవాళ్లని కూర్చోనివ్వకుండా నలుగురినీ, అంటే మా ఆవిడతో కలిపి, కంప్యూటర్ ముందుకి తోలాను. బావగారు పాపం ఎక్కడికి తీసుకెళ్లినా వస్తారు. మేనల్లుడు మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే వచ్చి నిలబడ్డాడు. వాడు ఇంటర్. ఆ వయసులో తల ఎత్తరు.

స్విచ్ నొక్కి, నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"1956లో ఐబీఎం వాళ్లు మొట్టమొదటి హార్డ్ డిస్కు తెచ్చినప్పుడు, అందులో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి బావగారూ. బరువు దాదాపు ఒక టన్ను. అంతా కలిపి పట్టేదెంతో తెలుసా? నాలుగు మెగాబైట్లు కూడా కాదు."

"అంటే ఒక ఫొటో" అంది మా చెల్లెలు.

"ఒక ఫొటో! టన్ను బరువుకి ఒక ఫొటో! ఆ రోజు తిరగడం మొదలెట్టిన పళ్లేలు నిన్నటిదాకా మనింట్లో కూడా తిరిగాయి. నిమిషానికి 7200 చుట్లు. వాటి మీద ఒక ముల్లు ఉంటుంది. తగలకూడదు, అలాగని దూరంగానూ ఉండకూడదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎడం కూడా ఉండదు. ఆ ముల్లు కావలసిన చోటికి పరిగెత్తాలి, ఆ చోటు తిరుగుతూ తన కిందకి వచ్చేదాకా కాచుకోవాలి. ఇదంతా పది పన్నెండు మిల్లీసెకన్లే అనుకోండి. కానీ కంప్యూటర్ లేచేటప్పుడు చదవాల్సింది ఒక్క ఫైలా? వేలకి వేల చిన్న చిన్న ఫైళ్లు, తలా ఒక మూల. అటు పరిగెత్తు, ఇటు పరిగెత్తు. ఆ పరుగే మనకి వినిపించే గరగర."

లోపల్నుంచి గర్ర్ మని వినిపించింది.

నేను ఆగలేదు. ఇక్కడ ఆగి ఉండాల్సింది, ఇప్పుడు తెలుస్తోంది. "ఎస్ఎస్‌డీలో ఈ గొడవే లేదు. 1987లో తోషిబాలో ఫుజియో మసువోకా అనే ఆయనా, ఆయన బృందమూ ప్రపంచానికి చూపించిన నాండ్ ఫ్లాష్ చిప్పులు ఇవి. తిరిగేది లేదు, పరిగెత్తేది లేదు. ఎలక్ట్రాన్లు ఎవరి గదిలో వాళ్లు తలుపేసుకుని కూర్చుంటాయి. అందుకే వేగం. అందుకే..." ఇక్కడ గొంతు తగ్గించాను, "నిశ్శబ్దం. కావాలంటే చెవి పెట్టి వినండి."

విన్నారు.

నలుగురూ వంగి, కేబినెట్ దగ్గర చెవులు పెట్టి విన్నారు. గది అంతా ఊపిరి బిగబట్టినట్టుంది. గర్ర్. టిక్. గర్ర్ర్ర్. టిక్ టిక్. గర్ర్.

బావగారు సంస్కారవంతులు. "అవునండీ, అస్సలు లేదు" అన్నారు.

మా ఆవిడ, "లోపల ఏదో గోకుతున్నట్టుంది" అంది.

"అది ఫ్యాను" అన్నాను.

"ఫ్యాను తిరుగుతుంది కానీ, ఆగి ఆగి గోకదు కదా మావయ్యా" అన్నాడు మేనల్లుడు. తల ఎత్తాడు. ఆ సాయంత్రం వాడు తల ఎత్తడం అదే మొదటిసారి.

ఆ క్షణంలో నేనన్న మాట ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, కానీ నలుగురు సాక్షులున్నారు. "కొత్తది కదరా. కొత్త చెప్పులు మొదట్లో కిర్రుమనవూ? ఇదీ అంతే. అలవాటు పడే దాకా."

తిరిగేది లేదు, పరిగెత్తేది లేదు అని అరనిమిషం క్రితం చెప్పింది నేనే. ఎలక్ట్రాన్లు గదుల్లో కిర్రు చెప్పులు వేసుకుని పచార్లు చేస్తున్నాయని ఇప్పుడు చెబుతున్నదీ నేనే. నా అవస్థ చూసి బావగారు "ఉండొచ్చు, ఉండొచ్చు" అన్నారు.

మేనల్లుడు నన్ను పక్కకి జరగమని కూడా అనలేదు. నా భుజం మీదుగా చెయ్యి చాపి మూడు మీటలు ఒకేసారి నొక్కాడు. టాస్క్ మేనేజర్ వచ్చింది. పెర్ఫార్మెన్స్ అన్న చోట నొక్కి, వేలు పెట్టి చూపించాడు. డిస్క్ 0, సి. దాని కింద తెల్లటి మీద నల్లటి అక్షరాలు: హెచ్‌డీడీ. పక్కన 100 శాతం.

"నువ్వు మూడు రోజుల్నుంచీ పాతదాని మీదే ఉన్నావు మావయ్యా."

ఆ తర్వాత గదిలో వినిపించింది గరగర ఒక్కటే.

మరి ఆ వేగం ఎక్కడ్నుంచి వచ్చింది? అదే చెబుతున్నాను. ఇరవై ప్రోగ్రాములు లేవడం మానేస్తే ఏ ముసలి డిస్కయినా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. దుమ్ము పోయాక ఫ్యాను చప్పుడు సగం తగ్గింది. మిగతాది నాది. ఇంతకు ముందు స్విచ్ నొక్కి స్నానానికి వెళ్లేవాణ్ణి. ఈ మూడు రోజులూ స్విచ్ నొక్కి, కొత్త సైకిలు కొనిపెట్టిన పిల్లాడిలా ఎదురుగా కూర్చుని దాన్నే చూశాను. మురిసిపోతూ చూస్తుంటే రెండు నిమిషాలు ఎంతసేపు చెప్పండి?

నా తెలివితక్కువతనం నాకుంది, కాదనను. కానీ ఈ కంప్యూటర్ చేసిన పని కూడా చూడండి. ప్రతి డిస్కుకీ లోపల సంతకం అని ఒక నంబరు ఉంటుంది. నా క్లోనింగ్ ఎంత నిజాయితీగా జరిగిందంటే, ఆ సంతకం కూడా దిగింది. కవలలకి ఒకే పేరు పెట్టినట్టు. రీస్టార్ట్ అవగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే సంతకంతో రెండు డిస్కుల్ని చూసి, ఎప్పట్లాగే పాతదాన్నే లేపి, కొత్తదాన్ని "ఆఫ్‌లైన్" అని మూల కూర్చోబెట్టేసింది. మర్యాదగా తప్పుకున్నది పాతది కాదు, నోరు నొక్కేసింది కొత్తదాన్ని! బయట చినుకు పడితే చెబుతుంది. ఎవరో ఎక్కడో ఆట గెలిస్తే చెబుతుంది. పోయిన వారం అప్‌డేట్ వాయిదా వేశానని పూటకోసారి దెప్పుతుంది. అడగని కబుర్లన్నీ కుడివైపు కింద మూలనుంచి తోసుకొచ్చి చెప్పే ఈ పెద్దమనిషి, నేను కొన్న డిస్కుని కట్టిపడేశానన్న ఒక్క ముక్క మాత్రం చెప్పదు. అది చూడాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఇంకో చోటికి వెళ్లి, తొంగి చూసి, చిన్న ఎర్ర బాణం గుర్తు కనిపెట్టాలట. ఎవడు కనిపెడతాడండీ, వేగంగా ఉందని చిటికెలు వేస్తున్నవాడు?

ఆ సాఫ్ట్‌వేర్ కూడా తక్కువదేం కాదు. "విజయవంతంగా పూర్తయింది" అంది. దాని పని పూర్తయింది. "ఇప్పుడు బయోస్‌లోకి, అంటే ఏ డిస్కుతో లేవాలో కంప్యూటర్‌కి చెప్పే సెట్టింగుల్లోకి, వెళ్లి బూట్ వరస మార్చుకో నాయనా, లేదా పాతదాని కేబుల్ పీకెయ్" అని కింద ఇంకో వాక్యం రాస్తే దాని సొమ్మేం పోయింది?

"ఇది బేసిక్ మావయ్యా" అన్నాడు మేనల్లుడు, బయోస్‌లోకి దూరుతూ. ఇంటర్ చదివేవాళ్లకి సంస్కారం ఏ సెమిస్టర్‌లో చెబుతారో కనుక్కోవాలి.

వరస మార్చాడు. రీస్టార్ట్ చేశాడు.

పదిహేను సెకన్లు. ఈసారి సెల్‌ఫోన్‌లో కొలిచాను. గరగర లేదు, చుక్కల తిరుగుడు లేదు. నొక్కినవి నొక్కినట్టు తెరుచుకుంటున్నాయి. నేను నిజంగా నోరు తెరిచాను. వెనక్కి తిరిగి చూస్తే చప్పట్లు కొట్టేవాడు లేడు. మా ఆవిడ, "మొన్నట్నుంచీ ఇంత వేగంగానే ఉందన్నావుగా" అని లోపలికి వెళ్లింది. మూడు రోజుల పొగడ్తా దొంగదాని మీద ఖర్చుపెట్టేశాను. అసలైనదానికి ఒక్క "ఆహా" కూడా మిగల్లేదు.

అప్పుడు చూసుకున్నాను, నా రిపోర్టు లేదు. మూడు రోజులుగా రాత్రుళ్లు కూర్చుని రాసింది, రేపు పొద్దున్న ఆఫీసులో ఇవ్వాల్సింది. ఫోల్డర్ ఉంది, అందులో సరిగ్గా మూడు రోజుల కిందటి కాపీ ఉంది. మొదటి పేరా, సగం రెండో పేరా. కాళ్ల కింద నేల కదిలింది.

"పోలేదు మావయ్యా. క్లోన్ అంటే ఆ రోజుటి ఫొటో లాంటిది. ఆ తర్వాత నువ్వు రాసిందంతా పాతదాంట్లోనే ఉంది" అన్నాడు. ఇప్పుడు పాతది ఆఫ్‌లైన్‌లో పడింది మరి, సంతకం ఒకటే కదా. వాడు దాన్ని ఆన్‌లైన్ చేశాడు. చేస్తే దాని సంతకం మారిపోతుందట, ఇక అది సొంతంగా లేవకపోవచ్చట. తొమ్మిదేళ్లు లేచింది, చాలు. గర్ర్ మంటూ రిపోర్టు కాపీ అవడం మొదలైంది. ఈసారి ఆ గరగర చెవులకి ఎంత ఇంపుగా ఉందో!

వాళ్లు వెళ్లడానికి లేచారు. మేనల్లుడు గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, "లోపల బిగించావా, ఊరికే పెట్టావా?" అన్నాడు.

"టేపు వేశాను. కదిలే భాగాలు లేవు కదరా, ఎలా పెట్టినా ఒకటే" అన్నాను.

కేబినెట్ లోపల ఠప్పుమని ఏదో కింద పడింది.

బావగారు ఈసారి ఏమీ అనలేదు.