పొట్టి శ్రీరాములు చేసిన మరో దీక్ష

నెల్లూరు మనిషిని ఢిల్లీలో మద్రాసీ అంటారు. హైదరాబాద్‌లో ఆంధ్రా ఆయన అంటారు. విజయవాడలో యాస విని నవ్వుతారు. అమెరికా వెళ్తే ఇండియన్ అయిపోతాడు. అడిగేవాడిని బట్టి మన 'మేము' కూడా మారిపోతుంటుంది.

కందుకూరునే తీసుకోండి. 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడాది కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వచ్చింది. ఎన్ని మారినా అక్కడివాళ్ల ఇల్లు, యాస, చుట్టరికాలు అవే. కలెక్టరాఫీసుకు ఎంత దూరం పోవాలన్నదే అసలు గొడవ.

మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోవడం అలా కాదు. దాని వెనక మనల్ని చిన్నచూపు చూస్తున్నారన్న బాధ ఉంది. ఉద్యోగాల్లో, అధికారంలో వెనకపడ్డామన్న కోపం ఉంది. ఆ బాధే జిల్లాల వారీగా, కులాల వారీగా బతికే జనాన్ని 'ఆంధ్రులం' అనిపించింది. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58వ రోజున, డిసెంబర్ 15న చనిపోయారు. మరుసటి ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దేశం కోసం జైలుకెళ్లిన ఆ గాంధేయవాదికి భారతీయుడిగా, తెలుగువాడిగా ఉండటంలో పేచీ ఏమీ కనపడలేదు. ఇప్పుడు టీవీ చర్చల్లో మాత్రం ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు. సరే, అది వేరే కథ.

నాకు గుచ్చుకునేది మరొకటి. శ్రీరాములు అంతకుముందు కూడా దీక్షలు చేశారు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని అన్నం మానేశారు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. కానీ సభల్లో, పాఠాల్లో మోగేది మద్రాసు దీక్షే. మూలాపేట ఊసు ఎప్పుడో గాని రాదు. రెండింటిలోనూ పస్తున్నది ఆయనే. కాకపోతే మద్రాసులో మనం అన్యాయం జరిగినవాళ్లం, మూలాపేటలో తలుపు వేసినవాళ్లం. తెలుగు జాతి అని గొంతు చించుకునేటప్పుడు ఏ దీక్ష పనికొస్తుందో వేరే చెప్పాలా?

దళితుల కోసం నినాదాలు రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా ఆయన నెల్లూరు ఎండలో వీధులు తిరిగేవారు. తెలియనివాళ్లు పిచ్చివాడనుకునేవారట.