గుండెకు మేలు గింజతోనా, మాత్రతోనా?

సోయా గింజల్లో సహజంగా ఉండే ఐసోఫ్లేవోన్లనే పదార్థాల మాత్రలు గుండెను కాపాడతాయన్న ప్రచారం ఆధారాలకు మించి పోతోంది. సోయా మీద ఆశ కలిగించిన పరిశోధనల్లో ఎక్కువ భాగం దాన్ని ఆహారంగా తిన్నవారి మీద జరిగినవే. సీసాలో అమ్ముతున్నది మాత్రం అందులోంచి విడదీసిన ఒక్క రకం పదార్థాలు.

రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్, సంతృప్త కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంతో కలిపి తీసుకుంటే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి 1999లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్కలు మళ్లీ చూసింది. రోజుకు దాదాపు 50 గ్రాముల సోయా ప్రోటీన్ తిన్నా చెడు కొలెస్ట్రాల్ తగ్గేది సుమారు 3 శాతమేనని తేలింది. 50 గ్రాములంటే అమెరికాలో చాలామంది రోజంతా తినే ప్రోటీన్‌లో సగం! ఐసోఫ్లేవోన్ల వల్ల కొలెస్ట్రాల్ తగ్గినట్టు అయితే కనబడనే లేదు. 2017లో నియంత్రణ సంస్థే తన పాత అనుమతిని వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది.

అలాగని ఐసోఫ్లేవోన్లు పనికిరానివని కొట్టిపారేయలేం. జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఈ పదార్థాల నిర్మాణం స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది. కణాల్లో ఆ హార్మోన్ అతుక్కునే చోట్లయిన గ్రాహకాల్లో ముఖ్యంగా బీటా రకానికి ఇవి అతుక్కుంటాయి. రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలను పెంచి, నాళాలు సడలేందుకు తోడ్పడతాయి. శరీరంలో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ప్రక్రియను నడిపించే సంకేతాలను ఇవి అణచడం ప్రయోగశాలలోని కణాల్లో స్పష్టంగానే కనిపిస్తుంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిత్రం మసకబారుతుంది. ఐసోఫ్లేవోన్లు తీసుకున్న, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో వాపును సూచించే సీఆర్‌పీ అనే రక్తంలోని ప్రోటీన్ మొత్తం మీద చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మొదటి నుంచీ అది ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం కొంత తగ్గిన జాడలున్నాయి.

ఈ తేడాలకు ఒక కారణం మన పేగుల్లోనే ఉండవచ్చు. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. డైడ్జీన్‌ను కొన్ని రకాల బ్యాక్టీరియా ఈక్వాల్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. ఇది డైడ్జీన్ కంటే బలంగా ఈస్ట్రోజెన్ గ్రాహకాలకు అతుక్కుంటుంది. కానీ ఆ బ్యాక్టీరియా అందరిలోనూ ఉండవు. పాశ్చాత్య దేశాల్లో సుమారు 25 నుంచి 30 శాతం మందిలోనే ఈక్వాల్ తయారవుతుంది. జపాన్, కొరియా, చైనాల్లో సగం మందికి పైగా తయారవుతుంది. ఒకే మాత్ర వేసుకున్న ఇద్దరి ఒంట్లో రెండు వేర్వేరు కథలు నడుస్తాయన్నమాట. ఈ సంగతి సీసా మీద ఎందుకు రాయరు?

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. 2011లో ఫలితాలు వెలువడిన ఒక పరీక్షలో నెలసరి ఆగిన 350 మంది స్త్రీలలో కొందరికి ఐసోఫ్లేవోన్లున్న సోయా ప్రోటీన్ ఇచ్చి దాదాపు మూడేళ్లు గమనించారు. మెడలోని ధమని గోడ మందం పెరిగే వేగంలో మొత్తం మీద గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు. నెలసరి ఆగి అయిదేళ్లు దాటనివారిలో మాత్రం ఆ వేగం బాగా తగ్గింది. చిన్న ఉపవర్గంలో వచ్చిన ఫలితం కాబట్టి దీన్ని రుజువుగా కాక, మరో పరీక్షకు పిలుపుగా తీసుకోవాలి.

అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్య రంగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2020లో వెలువడింది. వారానికి ఒకసారైనా టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) తిన్నవారిలో గుండె జబ్బు ముప్పు 18 శాతం తక్కువగా ఉంది. సోయా పాలతో అలాంటి సంబంధం గట్టిగా తేలలేదు. టోఫు తినేవారి మిగతా అలవాట్లు కూడా మెరుగ్గా ఉండి ఉండవచ్చు. అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న పళ్లెంలో సోయా దేని స్థానంలోకి వచ్చిందన్నది. కొవ్వు మాంసం తగ్గి ఆ చోట సోయా గింజలు వస్తే సంతృప్త కొవ్వు తగ్గుతుంది, పీచు పెరుగుతుంది. మాత్ర అదనంగా వేసుకుంటే పళ్లెంలో ఏదీ మారదు.

సోయా పడనివారు దీని జోలికి పోకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు సోయాకూ ఆ మాత్రకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో వైద్యులను అడగాలి. ఐసోఫ్లేవోన్లు మొదలుపెట్టామని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మానేయడం మాత్రం ప్రమాదకరం. ఆ మందు గుండెపోట్లను తగ్గిస్తుందని పెద్ద పరీక్షల్లో రుజువైంది. ఐసోఫ్లేవోన్ మాత్రలకు ఇప్పటికీ అలాంటి రుజువు లేదు.