పాలకోవాకు పది కేజీల స్ప్రింగు

కడపలో స్పోర్ట్స్ కారు అంటే ఏదో ముందు తేల్చుకోవాలి. రెండే తలుపులు, తీసి పెట్టే పైకప్పు లాంటివి పరాయి ఊళ్ల ముచ్చట్లు. ఇక్కడ ఇరవయ్యేళ్ల మిత్సుబిషి లాన్సరుకు సైలెన్సరు మారిస్తే అదే స్పోర్ట్స్ కారు. ఫిన్లాండు డ్రైవరు టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగేళ్లు లాన్సర్ ఎవల్యూషన్ తోలి ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయ్యాడు. మన 1.5 పెట్రోలు బండికి ఆ పుణ్యంలో వాటా రావడానికి పేరు కలిస్తే చాలు. మట్టిదారి ర్యాలీలకు అట్లాంటి బండ్లను ఎత్తు పెంచి, షాకబ్జర్ ట్రావెల్, అంటే రాడ్డు లోపలికీ బయటికీ ఆడే దూరం, పొడవుగా ఉంచి తోలతారన్న సంగతి మాత్రం అభిమానుల చెవిన పడలేదు. మనోళ్లు దించుతున్నారు.

దించడం తప్పని ఎవరన్నారు? అది ప్రజాసేవ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాలి. పల్లె మొగదల రాత్రికి రాత్రి మొలిచే గడ్డకు ఆ కొలతలతో ఏ చుట్టరికమూ ఉండదు. దాన్ని టేపు పెట్టి కొలిచే తీరిక ఏ శాఖకుంది? నలభై మిల్లీమీటర్లు దించిన లాన్సరు ఆ పని ఉచితంగా చేస్తుంది. ప్రతి గడ్డ ఎత్తూ ఇంజను అడుగునుండే ఆయిల్ సంపు మీద గీతగా నమోదవుతుంది. ఇంత సేవ చేసే బండికి గుర్తింపు కార్డు ఇవ్వకపోగా, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను పెట్టారు.

ఈ కొలువుకు పనిముట్టు కాయిలోవర్. షాకబ్జర్ ఒంటి మీద మరలు ఉంటాయి, స్ప్రింగు ఆ మరల మీది రింగుపై కూర్చుంటుంది, రింగు తిప్పితే ఎత్తు మారుతుంది. చౌక రకంలో తిరిగేది ఆ రింగు ఒక్కటే. దాన్ని కిందికి దించినకొద్దీ రాడ్డు లోపలికి పోయి, గుంతల కోసం ఉంచుకోవాల్సిన ట్రావెల్ ముందే ఖర్చయిపోతుంది. ఇంకా దించితే జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగు వదులై లొడలొడలాడుతుంది. ఖరీదైన రకంలో కింది బ్రాకెట్టు కూడా మర మీద తిరుగుతుంది కాబట్టి ట్రావెల్ తగ్గకుండానే బండి దిగుతుంది. అప్పుడు టైరు పోయి పైనుండే రేకుకు, ఫెండరుకు, తగులుతుంది. డబ్బు ఎక్కువ పెట్టినవాడికి దెబ్బ కూడా పైన తగలాలి కదా.

ఇక అసలు పరువు ప్రశ్న.

"ఎన్ని కేజీలు ఏపిచ్చినావబ్బీ?"

"పదన్నా!"

కేజీలంటే స్ప్రింగు తూకం కాదు, దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి పట్టే బరువు. ముందు చక్రం ఒక్కోదాని మీద 280 కేజీలు పడుతున్నాయనుకుందాం. కంపెనీ స్ప్రింగు 2 కేజీలదైతే ఆ బరువుకు 140 మిల్లీమీటర్లు నలుగుతుంది. పది కేజీలది 28 మిల్లీమీటర్లే. అంటే గుంత వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి తోయడానికి స్ప్రింగు దగ్గర మిగిలిన బలం కూడా ఆ 28 మిల్లీమీటర్ల వరకే. ఆపైన చక్రం గాల్లో, మీ నడుము దేవుడి చేతిలో. సెకనుకు 1.3 సార్లు ఊగాల్సిన బండి 3 సార్లు ఎగురుతుంది. రేసు ట్రాకు మీద అదే మర్యాద. ఏడు రోడ్ల సర్కిల్లో ఒంటెద్దు బండి కూడా అంతకన్నా మెత్తగా పోతుంది. నాలుగు కేజీలది తీసుకుంటే 70 మిల్లీమీటర్లు, 1.9 సార్లు. ఈ ఊరికి అదే చాలా గట్టి. కానీ "నాలుగు" అని చెప్పుకుంటే టీ అంగడి దగ్గర విలువుండదు.

వెనక లెక్క వేరు. స్ప్రింగు చక్రానికి లోపలగా ఉంటే, చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మాత్రమే నలగొచ్చు. అప్పుడు స్ప్రింగు కేజీలను 0.7తో రెండుసార్లు గుణించాలి. ఎనిమిది కేజీల స్ప్రింగు చక్రం దగ్గరికొచ్చేసరికి నాలుగుకు కాస్త తక్కువ. ముందూ వెనకా ఒకే నంబరు కొనేసేవాళ్లకు ఈ గుణకారం అక్కర్లేదు, వాళ్లది సమానత్వం.

షాకబ్జరు ఎంత గట్టిగా ఊపును అడ్డాలో మార్చడానికి పైన తిప్పే నాబు కూడా ఇస్తారు, 32 క్లిక్కులు. కుడివైపు చివరిదాకా బిగించి, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి, ఎడమ కుడి సమానంగా. ఎక్కువ బిగిస్తే బండి గట్టిపడి రేసు కారు అయిపోతుందని నమ్మకం. వరస గతుకుల మీద ఏమవుతుందంటే, నలిగిన స్ప్రింగు తిరిగి లేచేలోపే ఇంకో గతుకు వస్తుంది, ఆ వెంటనే ఇంకోటి. బండి మెట్టు మెట్టు దిగి షాకబ్జరు చివరిదాకా నలగకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు మీద కూర్చుంటుంది. దించేటప్పుడు ఆ రబ్బరును బ్లేడుతో సగం కోసేసినవాళ్లుంటారు. వాళ్లకు ఇనుముకు ఇనుము తగిలే చప్పుడు నేరుగా వినిపిస్తుంది. షాకబ్జరును పైన బాడీకి పట్టే టాప్ మౌంట్‌లో రబ్బరు తీసి ఉక్కు గుండు బేరింగు వేయించుకుంటే, మన దుమ్ముకు అది కూడా టక్కుటక్కుమని గొంతు కలుపుతుంది.

బిగింపులో ఒక్క సూక్ష్మం. బండి జాకీ మీద వేలాడుతుండగా చక్రాన్ని బండికి కలిపే కింది చెయ్యి, లోయర్ ఆర్మ్, బోల్టులు చివరిదాకా బిగిస్తే, కిందికి దించినప్పుడు దాని కీలులోని బుష్షు రబ్బరు మెలితిరిగి, అట్లే ఉండి కొన్నాళ్లకు చిరుగుతుంది. వదులుగా వేసి, చక్రాలు నేల మీద పెట్టి, బండిని రెండడుగులు ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు బిగించాలి. ఆ ఎత్తులో ఆర్మ్ చక్రం వైపు పైకి లేచి ఉందా? అయితే ఎక్కువ దించారు, మలుపులో బండి మునుపటికన్నా ఎక్కువ వాలడానికి చూస్తుంది. అలైన్‌మెంటు మర్నాడే చేయించాలి. టో, అంటే చక్రాలు ముందుకు చూసే వాటం, మారిన బండి టైరు లోపలి అంచును బయటికి కనబడకుండా తినేస్తుంది.

అసలు ఇరవయ్యేళ్ల బండికి ముందు మార్చాల్సినవి బుష్షులు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు లాంటి అరిగే కీళ్లు. సగం తేడా అక్కడే తెలుస్తుంది. అయితే బుష్షుకు కాయిలోవర్‌కున్నట్టు ఎర్రరంగు ఉండదు, ఫొటోలో పడదు.

ఇన్ని సిద్ధం చేసుకుని ఆదివారం పొద్దున రాయచోటి దారి పడతారు, గువ్వలచెరువు ఘాటుకు. మొదటి మలుపులోనే ముందు బండల లోడు లారీ. కమాను కట్టల మీద తాపీగా ఊగుతూ ఇరవైలో పోతుంటుంది. దాని వెనక పదికేజీలాయన, ప్రతి అతుకూ పళ్లతో లెక్కపెట్టుకుంటూ. ఘాటు దాటాక కేజీ పాలకోవా కొని డిక్కీలో పెడతారు. ఆ బరువుకు బండి మిల్లీమీటరులో పదో వంతు దిగితే గొప్ప.